నాలుగో జవాబు

చిట్టికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. కులాసాగా లేని ఒక్క మనిషీ దాటిపోయారు కాబట్టి ఈ వాక్యం ఇప్పుడు తడుముకోకుండా రాయగలుగుతున్నాను. నువ్వు కూడా వేళకి తిని, వేళకి పడుకుని, ఆ ఆఫీసు కుర్చీలోంచి అప్పుడప్పుడూ లేస్తున్నావని అనుకోవడం నా అలవాటు కాబట్టి అలాగే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. ఫోనులో అయితే ఇబ్బంది మాట రాగానే నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ సౌకర్యం లేదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలు అలాగే ఉంది. నాతో వచ్చింది, నాతోనే పోతుంది. కంటి ఆపరేషన్ బాగా జరిగింది. మీ పిన్ని ఇల్లు ఎంత శుభ్రంగా ఊడుస్తుందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది, ఆ మాట చెబితే మూతి ముడుస్తోంది. మీ బాబాయి పొట్ట మాత్రం దినదినాభివృద్ధి చెందుతోంది.

ఇక నువ్వు అసలు అడిగింది, మీ కంపెనీలో నువ్వు చేసిన వీడియో ఆట ఆడానా, నవ్వానా అని. ఆడాను. "ఈ వయసులో నీకా మీటల గోల ఎందుకమ్మా?" అని మీ పిన్ని అడ్డం పడింది. అల్లరి మూకలకి బీజగణితం నేర్పి రిటైరైనదాన్ని, గుప్పెడు మీటలు నాకొక లెక్కా? మొదట్లో గొడుగు తెరవమంటే గోతిలో దూకాను. తర్వాత చెయ్యి కుదిరింది.

నవ్వాను కూడా. గొడుగులు బాగుచేసేవాడొకడు, ఊరి మీద అలిగి వెళ్ళిపోయిన మబ్బుని బతిమాలి వెనక్కి తేవడానికి బయలుదేరడం బాగుంది. వాడి వెంట నడిచే పరుపు సరిగ్గా యుద్ధం మధ్యలో నిద్రపోవడం ఇంకా బాగుంది. చాడీలు చెప్పే కుక్కర్ల గుంపు విజిల్స్ వేసుకుంటూ మీద పడితే, వాటిని కొట్టి గెలవలేం, ఇంకొకరి గుట్టు వాటి చెవిన వేసి పంపేయాలి. అది చూసి మీ బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంత తెలివి నీకెక్కడిదని అడగను. నా పోలికే.

తర్వాత వంతెన దగ్గరికి వచ్చాం.

హాల్లో ముగ్గురం ఉన్నాం. వంతెన ముందు స్టూలు మీద ఒక ముసలాయన. మెడలో విజిల్, చంకలో బస్సు టైముల అట్ట, కుడి చెప్పు ఎడమ కాలికి. పలకరించగానే తల పైకెత్తి, "ఆరింటి బస్సు వచ్చిందా?" అన్నాడు.

మీ పిన్ని నోటి దాకా తెచ్చిన గ్లాసు అక్కడే ఆగిపోయింది. మీ బాబాయి మాత్రం, "అరే, మామయ్య! అచ్చం మామయ్యే!" అని చప్పట్లు కొట్టాడు.

ఆ ఆట రాజ్యంలో అసలు బస్సులే లేవు. అదీ నువ్వు పెట్టిన నవ్వు. ఆయనకి చెప్పడానికి మూడు జవాబులు ఇచ్చావు. "వచ్చింది" అంటే లేచి పరుగెత్తి బకెట్‌లో కాలు పెట్టి పడతాడు. "రాలేదు" అంటే ఆయన నిట్టూర్పుకి మన గొడుగు ఎగిరిపోయి, దానితోపాటు మనమూ వెనక వీధిలో పడతాం. "ఏ బస్సు?" అంటే అట్ట తలకిందులుగా పట్టుకుని టైములన్నీ చదువుతాడు. ఏం చెప్పినా మళ్ళీ స్టూలెక్కి అదే అడుగుతాడు. "వచ్చింది" అని అబద్ధమాడి, ఆయన బకెట్‌తో అవస్థ పడుతుండగా పక్కనుంచి జారుకుంటేనే వంతెన దాటగలం.

"ఎంత బాగా పట్టేసిందో చూశారా అత్తయ్యా!" అన్నాడు మీ బాబాయి.

"పట్టదూ మరి. దొంగ కన్ను దానిది," అన్నాను.

"ఊరుకో అమ్మా. అది ప్రేమతో చేసింది," అంది మీ పిన్ని.

"ప్రేమ అయితే మధ్యలో బకెట్ ఎందుకే?"

మీ పిన్ని గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది. టీవీలో మీ తాతయ్య మాత్రం అడుగుతూనే ఉన్నారు.

ఆ మూడు జవాబులూ మన ఇంటివే, చిట్టీ. వంటింట్లోంచి తల తిప్పకుండా "వచ్చింది నాన్నా" అనేది మీ పిన్ని. పేపరు దించకుండా "ఏ బస్సు మామయ్యా?" అనేది మీ బాబాయి. "రాలేదు" అనేది నేను. ఆయనకి మతిమరుపు జబ్బు చేశాక నువ్వు వచ్చి ఉన్నది రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనే మమ్మల్ని ముగ్గుర్నీ, ఆయన తారుమారు చెప్పుల్నీ సంచిలో వేసుకుపోయావు. మళ్ళీ వచ్చింది ఆయన్ని సాగనంపే రోజునే.

"తాతయ్యకి ఇది నా నివాళి, ఆడినవాళ్ళందరికీ ఆయనంటే ప్రాణం, స్టూలు పక్కన నిలబడి ఫొటోలు కూడా తీసుకుంటున్నారు" అని రాశావు. ఆయనకి ప్రాణం ఉన్నప్పుడు ఆ స్టూలు పక్కన చోటు చాలానే ఉండేది.

"ఒకసారి రా" అని నేను ఫోన్ చేసిన సంగతి గుర్తుందా? "ఆట విడుదల కానీ అమ్మమ్మా, అందులో ఒక ముసలాయన నడక సరిగ్గా రావట్లేదు, అది దిద్దితే గానీ కదల్లేను" అన్నావు. ఏ ముసలాయనో నాకప్పుడు తెలియదు. ఆ నెలలోనే ఇక్కడ అసలు నడక ఆగిపోయింది. అక్కడ మాత్రం చక్కగా కుదిరింది. అట్ట చంకలో పెట్టుకున్నవైపు కాస్త వంగి నడవడం కూడా వదల్లేదు. నీ పనితనానికి వంక పెట్టను.

వంక వేరే చోట ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది చెబుతాను, సరిగ్గా కూర్చో.

ఆయన బస్ స్టాండులో టైమ్ కీపర్‌గా చేసి రిటైరయ్యారు కాబట్టి, మతి తప్పాక మళ్ళీ డ్యూటీ ఎక్కారని అందరూ అనుకున్నారు. డాక్టరూ అదే అన్నాడు. నువ్వూ అదే అనుకుని లోకాన్ని నవ్వించావు. కానీ ఆ స్టాండుకి తెల్లారి లేస్తే ఎన్ని బస్సులు! ఆయన అడిగింది ఆరింటి బస్సు ఒక్కదాన్నే. ఎందుకని ఎవరికీ తోచలేదు. సాయంత్రం కాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో స్టూలు మీద కూర్చునేవారు. డ్యూటీకి ఆయన ఏనాడూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎరుగరు. నేను "రాలేదు" అన్నాక, నోరు మూసుకుని పక్కన కాసేపు కూర్చుంటే, అప్పుడు రెండో మాట వచ్చేది. గొంతు బాగా తగ్గించి, నాకొక్కదానికే వినపడేట్టు.

"పాపకి కిటికీ పక్క సీటు దొరికిందో లేదో."

నీ బడి సెలవులకి మీ అమ్మ నిన్ను ఎక్కించేది, సాయంత్రం ఆరింటికి ఇక్కడికి చేరే ఆ బస్సే కదూ. వాంతులవుతాయని కిటికీ పక్కనే కూర్చునేదానివి. ఆయన డ్యూటీ నాలుగింటికే అయిపోయేది. నువ్వు దిగేదాకా ఇంటికి వచ్చేవారు కాదు.

నీ ఆటలో ఆయనకి ఒక్క మాటే. ఇంట్లో రెండు ఉండేవి. రెండోదాకా కూర్చునే తీరిక నీకు లేకపోయింది.

ఈ సంగతి ఆ రోజు ఫోనులోనే చెప్పి ఉంటే రెక్కలు కట్టుకుని వాలేదానివి. తెలుసు. చెప్పలేదు. ఏడిపించి రప్పించుకుంటే అది రావడం కాదనుకున్నాను. నా పొగరు నేను నిలబెట్టుకున్నాను. ఎదురుచూసింది మాత్రం నేను కాదు, ఆయన.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నేనింకా వంతెన దాటలేదు. మీ మబ్బు అలక తీరిందో లేదో నాకు తెలియదు. మధ్యాహ్నం వీళ్ళిద్దరూ పనులకి పోయాక టీవీ పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంటాను. "రాలేదు" అంటాను. వెనక వీధిలో పడతాను. నడుచుకుంటూ మళ్ళీ వస్తాను. ఈసారి ఏ మీటా నొక్కకుండా ఊరికే చూస్తూ ఉంటాను, రెండో మాట అంటారేమోనని. నువ్వు పెట్టనిది ఎక్కణ్ణుంచి వస్తుంది? లెక్కల టీచరుకి ఆ మాత్రం తెలియదా? అయినా కూర్చుంటాను.

"నీకు కష్టంగా ఉంటే ఆయన్ని ఆటలోంచి తీసేస్తాను, ఉంచనా, తీసేయనా?" అని అడిగావు. తీసేయకు. ఇంట్లోంచి ఒకసారి పోయారు, చాలు. బకెట్ కూడా ఉండనీ. మీ బాబాయి లాంటివాళ్ళు నవ్వుకోవద్దూ.

రెండో మాట మాత్రం పెట్టు. "రాలేదు" అన్నాక కూడా లేచిపోకుండా కూర్చున్నవాళ్ళకే అది వినపడాలి. విన్నాక, తెర మీద నాలుగో జవాబుకి చోటు చెయ్యి. అందులో ఏం రాయాలని నన్ను అడగకు. మా ముగ్గురి జవాబులూ మేం చెప్పేశాం. ఆయన అడిగింది నీ బస్సు గురించి.

నాలుగోది నువ్వు రాయి. రాసేదాకా నేను వంతెన ఇవతలే ఉంటాను.

ఇట్లు,
"రాలేదు" అని చెప్పిన మనిషి,
నీ అమ్మమ్మ