చప్పుడుకు లేవని పిల్ల

బుధవారం, రాత్రి

కళ్ళు మూస్తే రాజయ్య కాక వాళ్ళ పెరట్లో పడుకున్న ఆ తెల్ల కుక్కపిల్లే కనిపిస్తోంది.

పోయినవారం పెద్దపల్లిలో కుక్కపిల్లలు అమ్మేవాణ్ణి తల్లిని చూపించమంటే మాట మార్చాడు. పిల్లని చేతిలో పెట్టి తీసుకుపొమ్మన్నాడు. ఈరోజు రామకృష్ణాపూర్‌లో, గనిలో పనిచేసి రిటైరై మచ్చల కుక్కలను పెంచుకుంటున్న కాక ముందు తల్లినే చూపించాడు. పైగా నన్నే అడిగాడు.

"మీ ఆయన డ్యూటీకి పోతే, నువ్వు బజారుకు పోతే, పిల్లను ఎవలు చూస్తరు?"

అంతలోనే దగ్గర్లోని ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీలు గలగలమన్నాయి. పిల్లలన్నీ తల్లి కిందికి దూరాయి. ఆ తెల్లది మాత్రం ఏ కలలోనో పరిగెడుతున్నట్టు కాళ్ళు మెల్లగా కదుపుతూ నిద్రపోతూనే ఉంది.

"ఇదే ఇయ్యి కాకా, మస్తు ధైర్యమున్నది దీనికి," అన్నాను.

కాక దాని తల వెనక గట్టిగా చప్పట్లు కొట్టాడు. చెవి కూడా కదల్లేదు.

"ధైర్యం కాదు బిడ్డా, దానికి ఇనవడది. గిది ఎవలకియ్య, నా దగ్గర్నే ఉంటది. ఇంకోదాన్ని చూసుకో. అదన్నా తల్లి పాలు మరిచినంకనే తీస్కపో."

మా ఆయన కూడా నైట్ షిఫ్టు చేసొచ్చి, పగటి బ్లాస్టింగ్‌లో అలాగే కదలకుండా పడుకుంటారు. ఇన్నేళ్ళు గనిలో డ్రిల్లు పట్టిన మనిషికి భయమేముంటుందని వాడకట్టంతా గొప్పగా చెప్పుకున్నాను.

ఇందాక ఆయన అటు తిరిగి రేపటి డ్యూటీకి బూట్లు తుడుచుకుంటున్నారు. వెళ్ళి వెనక నిలబడ్డాను. రెండు చేతులూ దగ్గరికి తెచ్చాను గానీ, చప్పట్లు కొట్టలేకపోయాను.