వేడినీళ్ళ సంగతి

నాచారం, జూన్ 14

ప్రియమైన పద్మశ్రీ అక్కకు,

మా ఇంటి ఫోన్లన్నీ మీరు బ్లాక్ చేశారు కదా, అందుకే ఈ ఉత్తరం మీ సాయి ప్రియ సంచిలో పెడుతున్నాను.

పెళ్ళై ఈ ఇంటికొచ్చి పది నెలలు. మీ అమ్మాయి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. మొన్న డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, "తంగేడు చెట్టు గూడ లేదు. ఇదేం ఇల్లు?" అంది. నాతోనే అంది! ఉప్పల్లో మీరు గింజ నుంచే పెంచారట, బతుకమ్మకు ఆ పూలే పేరుస్తుందట. మాది తెనాలి, నాకేమీ తెలీదు. ఎలా పెంచాలో చెప్తారా? రంజిత్ గారికి (మీ దగ్గర ఆయన్ని ఏమనాలో కూడా తోచడం లేదు) ఈ సంగతి చెప్పలేదు.

చెల్లెలు లాంటి,
త్రిపురసుందరి

ఉప్పల్, జూన్ 22

త్రిపురసుందరి గారికి,

నేను మీకు అక్కను కాను. విడాకుల కాగితం మీద సిరా ఆరకముందే ఆ ఇంట్లో అడుగుపెట్టినవారు నాకు చెల్లెలెలా అవుతారు? బడి దగ్గరని కోర్టు పిల్లను అక్కడుంచింది. నాకు మిగిలినవి ఆదివారాలు.

అడిగారు గనుక చెప్తున్నాను. దీంతో పంపుతున్న పొట్లంలో మా చెట్టు గింజలున్నాయి. ఎర్రమట్టిలో ఇసుక కలిపి అరంగుళం లోతున నాటండి. ఎండ పడాలి, నీళ్ళు నిలవకూడదు. రాళ్ళలో పెరిగే మొక్క, ఏళ్ళ తరబడి పూస్తుంది. సేవలక్కర్లేదు. ఇంతే.

పద్మశ్రీ

నాచారం, ఆగస్టు 2

పద్మశ్రీ గారికి,

నాటి నలభై రోజులైంది. ఇరవై గింజల్లో ఒక్కటీ లేవలేదు. పక్కింటి వెంకటనర్సమ్మ గారు, "తంగేడును కుండీల పెట్టుడేందమ్మా? గుట్టల పొంటి మస్తుంటది, పీక్కరా" అని నవ్వారు. అలా ఒకటి తెచ్చి పెడితే మూడు రోజులకే వాడిపోయింది.

సాయి ప్రియ రోజూ బడి నుంచి రాగానే పైకొచ్చి చూస్తుంది. "వచ్చిందా?" అంటుంది. లేదంటే మొహం తిప్పుకుని దిగిపోతుంది.

మార్చిలో నాకు మూడో నెల కడుపు పోయింది. మీకు తెలిసే ఉంటుంది. నిన్న అత్తగారు కుండీలు చూసి, "కడుపుల నిలువలే, కుండీల మొలుస్తదా నీ చేత?" అన్నారు. నా వల్ల ఏం పొరపాటు జరిగిందో చెప్పండి. మీరు కాలేజీలో బోటనీ చెప్తారు కదా, మీకు తెలుస్తుంది.

మీ,
త్రిపురసుందరి

ఉప్పల్, ఆగస్టు 10

త్రిపురసుందరి గారికి,

సత్తమ్మ గారి నోరు నాకు కొత్త కాదు, కోడలిగా పదిహేనేళ్ళు పడ్డాను. మనసులో పెట్టుకోకండి.

కొన్ని గింజలు ఆలస్యంగా లేస్తాయి. ఓపిక పట్టండి.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చించాను.

పద్మశ్రీ

నాచారం, సెప్టెంబర్ 8

పద్మశ్రీ గారికి,

పదకొండు మొలిచాయి. నా గొప్పేమీ లేదు. పొట్లంలో మిగిలిన గింజల్ని సాయి ప్రియే గ్లాసులో వేసి, పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళు పోసింది. మర్నాటికి ఉబ్బినవి ఏరి నాటింది.

"తోలు గట్టిగుంటది, గిట్ల నానబెట్టకుంటే మొలవయి. అమ్మ నీకు చెప్పలేదా?"

"మర్చిపోయి ఉంటారే" అన్నాను.

"కాలేజీల పిల్లలకు ఏటేటా చెప్తది. ఎట్ల మరుస్తది?"

నిన్న ఆదివారం మీ దగ్గరికి రానంది, బతుకమ్మకూ రాదట. నేను వెళ్ళమనే చెప్పాను, నమ్మండి. అందుకే ఇది పోస్టులో వేస్తున్నాను.

మర్చిపోయానని ఒక్క ముక్క రాయండి. దానికి చూపిస్తాను. వస్తుంది.

త్రిపురసుందరి

ఉప్పల్, సెప్టెంబర్ 15

సుందరికి,

మర్చిపోలేదు.

మీ మొదటి ఉత్తరం చదివినప్పుడే వేడినీళ్ళు గుర్తొచ్చాయి. రాయలేదు. నా చెట్టు మీ డాబా మీద లేస్తే నా కూతురు ఇక ఆదివారాలు కూడా రాదేమోనని భయపడ్డాను. సత్తమ్మ మిమ్మల్ని అన్న మాట చదివినప్పుడైనా రాయాల్సింది. ఆ మాట నాకు చేదుగా అనిపించలేదు. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

ఇప్పుడు నిజం రాస్తున్నది నిజాయితీతోనో, అబద్ధం రాసినా అది నమ్మదని తెలిసో, నాకే తెలియదు. ఏదైతేనేం, ఈ ఉత్తరం దానికి చూపించండి.

మొలకల్ని ఇప్పుడే లోతైన కుండీల్లోకి మార్చండి. తల్లివేరు దిగాక కదిపితే చచ్చిపోతాయి. మట్టిగడ్డతో సహా తియ్యాలి, వారం రోజులు నీడలో ఉంచాలి. ఈసారి చెప్పకుండా ఏమీ మిగల్చలేదు.

చదివాక అది ఏమందో మాత్రం నాకు రాయకండి.

పద్మశ్రీ