సువార్త సర్టిఫికెట్లు, నా వెబ్‌సైటు

జూన్ 2, సోమవారం
రాయడం మానేద్దామనే అనుకున్నాను. డెబ్బై ఏళ్లవాడు పక్కింటి కోడల్ని చూసి కుళ్లుకున్నానని రాసుకోవడం ఏం మర్యాద? అయినా రాస్తున్నాను.

పక్కింటి డేవిడ్ భార్య సువార్త. పిల్లల్ని బడికి పంపి, ఫోనులో పాఠాలు విని, వెబ్‌సైట్లు చేసే చదువులో మూడు సర్టిఫికెట్లు తెచ్చుకుంది. మూడింటికీ లామినేషన్. నిన్న చర్చిలో అయ్యగారు వాటిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఆ చర్చి వెబ్‌సైటు చేసింది నేను. ఫ్లెక్సీలొచ్చి, బోర్డులు రాసే నా బ్రష్షులు ఎండిపోయాక, మనవరాలి పాత లాప్‌టాప్‌లో తంటాలు పడి సొంతంగా నేర్చుకుని. నాలుగేళ్లయింది. దానిమీద ఎవరూ చెయ్యి పెట్టలేదు.

జూన్ 3
మైదుకూరులో ఒక డాక్టరుకు బోర్డు రాశాను, ఎప్పుడో. పేరు జానెడు, డిగ్రీలు మూరెడు. రంగంతా డిగ్రీలకే అయిపోయింది. జనం వెళ్లింది మాత్రం ఎదురింటి కాంపౌండరు దగ్గరికి... ఇదెందుకు గుర్తొచ్చిందో నాకు తెలుసు.

జూన్ 6
సువార్త వచ్చింది. కర్నూలులో ఏదో కంపెనీకి ఇంటర్వ్యూకి పోయొచ్చిందట.
"సర్టిఫికెట్లు చూసే పిలిచినారు మామా. పోతే వాటి ముఖం గూడా చూడల్యా. నువ్వు చేసిండేది ఏమన్నా ఉంటే పట్టుకొని మళ్లీ రామ్మా అన్నారు."
చర్చి సైటు అప్పగిస్తే బాగుచేసి చూపించుకుంటుందట.
"చూద్దాంలే అమ్మీ" అన్నాను. ఈ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

జూన్ 8, ఆదివారం
ఆరాధన అయ్యాక—
"మామా, సైటులో ఈ ప్రార్థన విన్నపాల పెట్టెలో రాసి పంపితే యాడికి పోతాది?"
"అయ్యగారికి."
"యాడికీ పోల్యా మామా."
'పంపు' బటను ఉంది. ఆకుపచ్చ రంగు నేనే ఎంచి వేశాను. నొక్కితే 'మీ విన్నపం చేరింది' అని వస్తుంది. అదీ నేనే రాశాను. వెనక ఏమీ లేదు.
నాలుగేళ్లు. ఎవరెవరు ఏమేం రాసుకున్నారో... "ఆశీర్వాదమన్నా, ఒక్కరూ రాయల్యా, మనోళ్లకు కష్టాల్లేవు" అని అయ్యగారు నన్ను పిలిచి మురిసేవారు.
"మా రెండో కోర్సులో చెప్పినారులే మామా ఇది." మెత్తగా అంది. కసిరినా బాగుండేది.

జూన్ 9
పాస్‌వర్డు ఇచ్చాను.

జూన్ 15, ఆదివారం
పెట్టె పనిచేస్తోంది. మొదటి రోజే తొమ్మిది విన్నపాలు. రంగులు, అక్షరాలు నావే ఉంచింది. "అంత బాగా నాకు రాదు మామా." ఆరాధన చివర ప్రకటనల్లో అయ్యగారు పేరు చెప్పి మెచ్చుకున్నారు. ఆ పిల్ల పేరు. చప్పట్లు కొట్టాను, అందరికంటే ఆలస్యంగా.

జూన్ 17
పొద్దున నందికొట్కూరు బస్టాండు. కర్నూలు ఇంటర్వ్యూకి పోతూ సువార్త. చేతిలో ఆ మూడు సర్టిఫికెట్లు.
"మామా, సైటు ఎవరు చేసినారని అడిగితే ఏం చెప్పల్ల?"
నువ్వే అని చెప్పమ్మా... నోటిదాకా వచ్చింది.
బస్సు కదిలింది. టీ తాగి ఇంటికి వచ్చాను.