పెడల్ ఇంకా దిగుతోంది

మేరీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న గుఢియారీ పేటలోని మెకానిక్ మన కారు బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలి తీసి, "ఏక్‌దమ్ టైట్ హై, చాచా" అన్నాడు, బ్రేకు గట్టిగా పడుతుందని, నా మొహంకేసి చూడకుండా. నాకు నమ్మకం కుదరలేదు. పొద్దున్నే పెడల్ నొక్కిపట్టి కూర్చున్నాను. గట్టిగా నిలబడాల్సింది మెల్లగా కిందికి దిగిపోయింది. చక్రాల దగ్గర ఎక్కడా ఆయిల్ తడి లేదు. ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయి ఉంటుంది, బ్రేకు ఎప్పుడైనా పట్టకపోవచ్చు.

మన సునీత ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరింది. నువ్వు చేసినట్టే బానెట్ మీద చెయ్యిపెట్టి కళ్ళు మూసుకుంది.

"ప్రార్థన అయిపోయింది డాడీ, చాబీ ఇవ్వు."

నేను తాళంచెవి జేబులోంచి తియ్యలేదు.

"దేవుడి మీద కూడా అనుమానమేనా?"

"దేవుడి మీద కాదమ్మా, రబ్బరు మీద."

గేటు ధడాలున వేసి ఆటోలో పోయింది. సాయంత్రం కోపంగానే, కానీ క్షేమంగా ఇంటికొచ్చింది. అన్నం పెట్టింది. కడుపునిండా తిన్నాను.