మురమురాల డబ్బా

నాందేడ్,
16-11-2025, ఆదివారం.

పెద్దమ్మ పెంటవ్వ గారికి, మీ అల్లుడు కైలాస్ రెండో భార్య శీతల్ కాళ్లు మొక్కి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. మీరు, పెదనాన్న మాణిక్ గారు, ఈనిన బర్రె, దూడ అందరూ క్షేమమని తలుస్తాను.

ముందుగా నా రాత చూసి నవ్వకండి. బోధన్‌లో మా అమ్మమ్మ ఇంట ఉండి ఐదు వరకే చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. గీతల్లేని కాగితం మీద నా అక్షరాలు గుట్ట ఎక్కుతాయి. తప్పులు మీరే దిద్దుకుని చదవండి. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఇంట్లో ఒక్కటే ఫోను, అత్తయ్య స్పీకర్ పెట్టందే మాట్లాడనివ్వదు. వీళ్లంతా మరాఠీ బడికి పోయినవాళ్లు, తెలుగు చదవలేరు. మీరు బోధన్ వైపు పుట్టి అక్షరాలు కూడుకుని చదవగలరు కాబట్టి ధైర్యం చేశాను. రేపు మీ ఊరికి, బిలోలి బస్సెక్కే పక్కింటి సుందరాబాయి చేతికి ఇస్తున్నాను.

మూడో నెల నడుస్తోంది. వాంతులు తగ్గాయి. "పొద్దుగాల లేవంగనే కాలు కింద పెట్టకు బిడ్డా. మంచంల కూసోనే గుప్పెడు మురమురాలు నమిలి, జర్రసేపు ఆగి లెవ్వు. ఉత్త కడుపే కక్కిస్తది" అన్నారు కదా, అట్లాగే చేస్తున్నాను. మీరు పంపిన డబ్బా తలాపునే ఉంటుంది. అల్లం ముక్క వేడినీళ్లలో వేసి, బెల్లం కొంచెం కలిపి గుటక గుటకగా తాగుతున్నాను. జొన్న అంబలి చల్లార్చి మజ్జిగ పోసుకుని రోజంతా కొంచెం కొంచెం తాగుతున్నాను. తిన్న వెంటనే పడుకోవడం లేదు, గుండెలో మంట కూడా తగ్గింది.

మీ చిట్కాలతో తగ్గినందుకే నాకు కోపం, పెద్దమ్మా. రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు మీ బిడ్డ ప్రణాలక్క మీద అసూయ.

పెళ్లినాడు నా మెడలో పుస్తెలతో పాటు ఆమె పేరున వెండి బిళ్ళ కట్టారు. చనిపోయిన సవతిని మెడలో వేసుకుంటే ఆమె చల్లగా చూస్తుందని, ఆమె తల్లిదండ్రులకు నేను బిడ్డనవుతానని చెప్పారు. సరేనన్నాను. కానీ వంగి వాంతి చేసుకునేటప్పుడు ఆ బిళ్ళ ముందుకు వేలాడి నా ముఖంలోకే చూస్తుంది. నా నొప్పిలో కూడా ఆమెకు వాటా ఉన్నట్టు అనిపిస్తుంది.

నేను మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చితే అత్తయ్య, "మా ప్రణాలి ఉంటే గిట్ల పండుకుంటుండెనా? నవ్వుకుంట ఇంటెడు పని చేస్తుండె" అంటుంది. మొన్న సుందరాబాయి ఊరుకోలేక, "కడుపే పండని పిల్ల కక్కుతుండెనో నవ్వుతుండెనో నీకెట్ల ఎర్కయిందే సుమిత్రా?" అని అత్తయ్యను అడిగేసింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. జ్వరంతో పోయిన మనిషి గురించి నవ్వానే అని తర్వాత అన్నం సయించలేదు.

ఇక ఈయన. మోండా మార్కెట్లో పసుపు బస్తాలు మోసి వస్తారు, ఆ వాసనకు నా కడుపు తిప్పేస్తుంది. బట్టలు బయట విప్పమని నేను బతిమాలితే, "పసుపు మంగళమే కదనే" అని నవ్వారు. మీరు వచ్చి, "అల్లుడా, అంగీ గోడమీద పారేసి, తానం చేసినంకనే లోపటికి రా" అన్నారో లేదో, ఆ రోజు నుంచి అదే చేస్తున్నారు. మీరు ప్రణాలక్క తల్లి కాబట్టి మాట చెల్లింది.

మీరు కోసిచ్చిన నిమ్మచెక్క వాసన చూస్తుంటే నిజంగానే వికారం ఆగింది. అప్పుడే మీరు అంబలి గిన్నె పట్టుకుని, "ఒక్క బుక్క తాగు ప్రణాలీ" అన్నారు. మీకు తెలియనే లేదు. ఈయన మాత్రం విన్నారు. లేచి వాకిట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నారు. నేను రక్తం వచ్చేటట్టు కక్కిన రోజు కూడా ఆ కళ్లు తడవలేదు. మీరు మాత్రం ఆ రోజు, "నీళ్లు గిట్ల కడుపుల నిలువకపోయినా, నెత్తురు కనబడ్డా నా అల్లం నిమ్మకాయ పక్కకు పెట్టు, దవాఖానకు నడువు" అని కేకలేసి నన్ను పంపించారు. డాక్టరమ్మ సెలైన్ పెట్టింది. అది మరిచిపోలేదు. కానీ ఆ కేక నా కోసమా, ఆమె కోసమా?

అందుకే రాస్తున్నాను. దత్త జయంతి పోయాక వచ్చి నెలరోజులు ఉంటానన్నారు. రాకండి. మురమురాలు కూడా పంపకండి. మా అమ్మ వస్తోంది. కూలి చేసుకునేదే అయినా నన్ను కన్నది, ఆమెకూ ఇవన్నీ తెలుసు. ఆమె నా తల నిమిరితే అది నా తలే.

తప్పుగా రాస్తే చిన్నదాన్నని మన్నించండి. చదివిన వెంటనే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టండి.

ఇట్లు,
మీ ప్రణాలి కాని
శీతల్

తాజా కలం: పెద్దమ్మా కాదు, అవ్వా, మడిచిన కాగితం మళ్లీ విప్పాను. మా అమ్మ రాదు. దీపావళి కాగానే చెరుకు కొట్టే కూలీల టోళీతో కొల్హాపూర్ వైపు పోయింది, ఎండాకాలం దాకా రాదు. అత్తయ్య గుడికి పోయిన పూట ఫోన్లో వాంతుల సంగతి చెబితే, "అందరికీ అయ్యేదే, నువ్వొక్కదానివే మోస్తున్నవా?" అని ఫోన్ పెట్టేసింది. ఆమె రాదని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మురమురాల డబ్బాలో అడుగు కనిపిస్తోంది. పైదంతా కాల్చెయ్యి, ఈ ముక్క చింపి నీ దగ్గర ఉంచుకో. దత్త జయంతి దాకా ఆగకు. బస్సు దిగి వచ్చి తలుపు కొట్టి, "శీతల్ ఉందా?" అని అడుగు. నేనే తీస్తాను.