థ్రాటిల్ బాడీ చిన్నదా, పెద్దదా

నాన్నా,

కారు మన షెడ్డులో పెట్టి, ఈ ఉత్తరం డ్రైవరు సీటు మీద వదిలి వెళ్తున్నాను. కొండ పందెం నేనే గెలిచానన్న కబురు నీకు ఈపాటికి చేరే ఉంటుంది.

ఇంజనులోకి గాలి పోయే గొంతు, అదే థ్రాటిల్ బాడీ, పెద్దది పెట్టమని నిన్నెంత బతిమాలానో గుర్తుందిగా. "సరేలేమ్మా" అన్నావు. నిన్న పందెం అయ్యాక గాలి గొట్టం విప్పి చూస్తే ఉన్నది చిన్నదే. ఆ గాలిని ఇంజనుకి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ కూడా సన్న గొట్టాలదే బిగించావు. ఒళ్ళు మండింది. నా జోరు తగ్గించడానికి ఇంత నాటకమా అనుకున్నాను.

తర్వాత నిదానంగా ఆలోచించాను. ఆ దారి నిండా మలుపులే. ప్రతి మలుపులో వేగం బాగా తగ్గించి మళ్ళీ లాగాలి. గొంతు పెద్దదైతే అక్కడ గాలి తీరిగ్గా కదులుతుంది, ఇంజను నీళ్ళు నములుతుంది. మిగతావాళ్ళ కార్లకి అదే జరిగింది. నాది తొక్కగానే దూకింది.

మరి నువ్వది తెలిసి పెట్టావా, భయపడి పెట్టావా? ఎదురుగా అడిగితే నవ్వేసి పానా వెతుక్కుంటావు. అందుకే అడగను.

వచ్చే పందెం తిన్నటి రోడ్డు మీద, ఒక్క మలుపు లేదు. అక్కడ చిన్నదానితో ఇంజనుకి ఊపిరాడదని నాకంటే నీకే బాగా తెలుసు. పెద్దది నీ అలమారలోనే ఉంది. నువ్వేది బిగిస్తే దాంతోనే పోతాను.

ఈసారి విప్పి చూడను.

నీ కూతురు