మేడమ్‌గారికి ఏది ఇష్టం

వట్లూరు,
5 మే 2007

ప్రభువునందు ప్రియమైన సువర్ణకు,

ఇక్కడ నేను క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. క్షేమంగా లేను. నువ్వు తాడేపల్లిగూడెంలో మీ చెల్లెలు మాణిక్యం ఇంటికి వెళ్లి ఎల్లుండికి నాలుగు వారాలు. ఎప్పుడు ఫోను చేసినా మాణిక్యమే ఎత్తి, "అక్క స్నానం చేస్తోందండీ బావగారూ" అంటుంది. పొద్దున చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. ఇన్ని స్నానాలు నువ్వు మన ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదు.

గుడిలో అందరూ నిన్నడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక, మాణిక్యానికి మోకాలి ఆపరేషనని చెప్పాను. పోయిన ఆదివారం పాస్టరు సాల్మన్‌గారు ఆ మోకాలి కోసం సంఘమంతటి చేతా ప్రార్థన చేయించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఇప్పుడు స్త్రీల సమాజం వాళ్లు బత్తాయిలు పట్టుకుని గూడెం వస్తామంటున్నారు. ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పి, అబద్ధమాడిన పిల్లల చెవులు మెలేసినవాణ్ణి. నా చెవి ఎవరు మెలెయ్యాలి?

అసలు సంగతి. ఇరవై నాలుగో తారీకు మన పెళ్లిరోజు, ముప్ఫై అయిదేళ్లు. కెజియా హైదరాబాదు నుంచి మనిద్దరికీ రైలు టికెట్లు పంపింది. ఊరవతల ఏదో పెద్ద పార్కట, రంగులరాట్నాలూ నీళ్లజారుడుబండలూ ఉంటాయట, అందులోనే రెండు రాత్రులు బస. "భోజనం ఏ రెస్టారెంట్లోనో మాత్రం అమ్మకి నచ్చేది చూసి మీరే చెప్పండి నాన్నా" అని రాసింది. టికెట్లతో వచ్చిన రంగుల కాగితంలో మూడున్నాయి. ఒకటి చిరుతిళ్లది. రెండోది బఫే. మూడోది చెరువుగట్టున చాలా ఖరీదైనది, తెల్లగుడ్డలు పరిచిన బల్లలు, పక్కన నిలబడి వడ్డించేవాళ్లు. నాకైతే బఫేనే మేలనిపించింది. కావలసినంత తినొచ్చు, ఎవరి మొహమాటమూ ఉండదు. నువ్వేమంటావు?

నేనేం తప్పు చేశానో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. ఈస్టరు నాడు ఇంటినిండా చుట్టాలు, నవ్వులు. మర్నాడు నువ్వు బ్యాగు సర్దుకుని బస్సెక్కేశావు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నువ్వు లేని ఇంట్లో నేను ఉండలేకపోతున్నాను సువర్ణా. రా.

నీ
ప్రసాదరావు


వట్లూరు,
12 మే 2007

సువర్ణా,

జవాబు రాలేదు. నువ్వు రాయకపోయినా ఈ ఉత్తరం మాత్రం చదువు.

బఫే మానేసి ఆ చెరువుగట్టు రెస్టారెంటే ఖాయం చేద్దామని నిన్న ఫోను చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. "పెళ్లిరోజు అంటున్నారు కదండీ, మేడమ్‌గారికి ఏది ఇష్టమో చెప్తే ప్రత్యేకంగా వండిస్తామండీ" అంది. చేప అన్నాను ధైర్యంగా. "ఏ చేపండీ? పులుసా, వేపుడా? కారం ఎక్కువుండాలా, తక్కువా?" అంది. కొర్రమీను పులుసు నాకిష్టం. కెజియాకి రొయ్యల వేపుడు. నీకు? "మళ్లీ చేస్తానమ్మా" అని పెట్టేశాను.

కూర్చుని జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించాను. నువ్వు అన్నం తింటుండగా చూసిన ఒక్క రోజు కూడా గుర్తుకు రాలేదు. నాకు వడ్డించేదానివి, తర్వాత పిల్లకి, తర్వాత వచ్చినవాళ్లకి. నువ్వు కంచం పెట్టుకునే వేళకి నేను పేపరు పట్టుకుని వరండాలో ఉండేవాణ్ణి. ఆడవాళ్లు ఆఖర్న తినడం అందరిళ్లలోనూ ఉన్నదే కదా అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, అసలు అటు చూడనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఈస్టరు సంగతి. కైకలూరు నుంచి నేనే కొర్రమీనులు తెప్పించాను. నువ్వు ఒళ్లు కాలిపోతున్నా పొద్దుటినుంచి పొయ్యి దగ్గరే ఉన్నావు. పాస్టరుగారికి ఇంకో ముక్క వెయ్యమంటే "అయిపోయిందండీ" అన్నావు. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. అలమరలో చిన్న గిన్నె మీద మూత తీస్తే ఒక ముక్కుంది. గిన్నె పట్టుకొచ్చి, "చూశారా, మా ఆవిడ మనకి పెట్టకుండా దాచుకుంది!" అని అందరికీ చూపించి, పాస్టరుగారి కంచంలో వేశాను. అందరూ నవ్వారు.

నీ ఇంట్లో, నువ్వు వండిన కూరకి, నిన్ను దొంగను చేశాను.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. ఆ అమ్మాయికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఒక్కటి చెప్పు చాలు. నీకేం ఇష్టం?

ప్రసాదరావు


తాడేపల్లిగూడెం,
16 మే 2007

మాస్టారికి సువర్ణ వందనాలు.

మీ రెండుత్తరాలూ అందాయి. స్త్రీల సమాజం వాళ్లు మొన్న రానే వచ్చారు. మీ పరువు కోసం మాణిక్యం మోకాలికి పాతచీర ముక్క చుట్టుకుని గంటసేపు మూలుగుతూ పడుకుంది. వాళ్లు వెళ్లాక లేచి బత్తాయిలు వలిచింది. ఎన్ని రోజుల తర్వాతో నేను గట్టిగా నవ్వాను.

అది తోక ముక్కండీ. అన్నీ ముళ్లే. మంచి ముక్క కూడా కాదు. దాని కోసం నేనిక్కడికి రాలేదు. మీరు అన్న మాటకీ రాలేదు. అందరూ నవ్వినప్పుడు నేను కూడా నవ్వాను, మీరు చూసి ఉండరు. నూట రెండు జ్వరంతో గుమ్మంలో నిలబడి, తప్పు చేసి దొరికిపోయినదానిలా పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. రాత్రంతా ఆ నవ్వే గుర్తొచ్చి నామీద నాకే అసహ్యమేసింది. అందుకని వచ్చేశాను.

తిరిగి రాకూడదనే అనుకున్నాను. ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను పని ఉందంటే ఒప్పుకున్నాను కూడా. జూన్‌లో చేరాలి. అది మానుకోమని మీరు అడగొద్దు.

నాకేం ఇష్టమని అడిగారు. ఆ ఉత్తరం పట్టుకుని నేనూ చాలాసేపు కూర్చున్నాను. నాకూ తెలియలేదండీ. పెళ్లికి ముందు మా అమ్మా ఆఖర్నే తినేది, నేనూ ఆవిడ పక్కనే తినేదాన్ని. ఎప్పుడూ మిగిలింది తిన్నాను, మిగిలినవాటిలో ఏది ఇష్టమో ఎలా చెప్తాను? మీకు తెలియనందుకు కోపమొచ్చింది. నాకే తెలియనందుకు ఏడుపొచ్చింది.

ఈ ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ మీరు లేచి నిలబడాలి. మోకాలి సంగతి చెప్పండి. గిన్నె సంగతి కూడా చెప్పండి, పాస్టరుగారి ముందే. చెప్పారని తెలిస్తే ఇరవై నాలుగున నేను ఏలూరు స్టేషన్లో ఉంటాను. ఇంటికి వచ్చేదీ లేనిదీ భోజనమయ్యాక మాట్లాడుకుందాం.

ఆ తెల్లగుడ్డల రెస్టారెంటే చెప్పండి. మేడమ్‌గారికి ఏది ఇష్టమో ఇంకా తెలియదని ఆ అమ్మాయితో అనండి. అక్కడ వంటలన్నీ రాసిన కార్డు ఇస్తారట కదా. మొదటినుంచి చివరిదాకా నేనే చదువుకుంటాను. ఎంతసేపు పట్టినా మీరు తొందరపెట్టొద్దు. నా కంచం వచ్చేదాకా మీరు తినడం మొదలుపెట్టొద్దు.

సువర్ణ